సీ డ్రైవ్ నిండిపోయిందా? ముందు వెతకండి, ఆ తర్వాతే తీసేయండి

దిస్ పీసీ తెరిచి చూస్తే సీ డ్రైవ్ కింద ఉండే నీలం గీత ఎర్రగా మారింది. వర్డ్‌లో రాసుకున్నది సేవ్ కావడం లేదు. విండోస్ అప్‌డేట్ సగంలో ఆగిపోతోంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, కంప్యూటర్ కదలనంటోంది. ఇలాంటప్పుడు ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఆ టెన్షన్‌లో పెద్దగా కనిపించిన ఫోల్డరునల్లా డిలీట్ కొట్టేయాలనిపిస్తుంది. దయచేసి ఆ ఒక్క పని చేయకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మా అక్క ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ నిండిపోతే నేనే కూర్చుని శుభ్రం చేశాను. సెట్టింగ్స్‌లో టెంపరరీ ఫైల్స్ అనే లిస్టు వచ్చింది. టెంపరరీ అన్నారు కదా అని ఒక్కొక్కటీ చదవకుండా అన్నింటికీ టిక్ పెట్టి తీసేశాను. ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంది. తన పీజీ ప్రాజెక్టు కోసం ఫోన్‌లో రికార్డు చేసిన ఇంటర్వ్యూలన్నీ అక్క అందులోనే పెట్టుకుంది. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే డేటా దాచుకునే డిస్క్. రికవరీ సాఫ్ట్‌వేర్లతో రెండు రోజులు ప్రయత్నించినా ఒక్క ఫైలు కూడా తిరిగి రాలేదు. ఆ ఇంటర్వ్యూలు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఖాళీ అయింది 11 జీబీ, పోయింది మూడు నెలల కష్టం.

పాత హార్డ్ డిస్కుల్లో డిలీట్ చేసిన ఫైలు వెంటనే చెరిగిపోదు. దాని చోట ఇంకొకటి వచ్చి పడేదాకా అక్కడే ఉంటుంది, అదృష్టం ఉంటే దొరుకుతుంది. ఎస్‌ఎస్‌డీలో అలా కాదు. డిలీట్ అయిన చోటు ఇక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ అనే సూచన పంపుతుంది, డిస్క్ ఆ చోటును శుభ్రం చేసేసుకుంటుంది. ఈ రోజుల్లో చాలా ల్యాప్‌టాపుల్లో ఉండేది ఎస్‌ఎస్‌డీయే. అందుకే ఏది చోటు తింటోందో తెలిశాకే దేన్నైనా తీసేయాలి. ఈ గైడ్ మొత్తం ఆ వరుసలోనే వెళ్తుంది. మెనూల పేర్లు విండోస్ 11లో ఉన్నట్టు రాస్తున్నాను. విండోస్ 10లో పేర్లు, చోట్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి కానీ పని ఒకటే.

ముందు కంప్యూటర్‌కి ఊపిరాడనివ్వండి

డిస్క్‌లో కొన్ని ఎంబీలే మిగిలి ఉంటే ఏ పనీ సాగదు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత డేటాను డిస్క్ మీద పెట్టి నెట్టుకొస్తుంది, అక్కడా చోటు లేకపోతే ప్రోగ్రాములు వాటంతట అవే మూతపడతాయి. కాబట్టి మొదటి లక్ష్యం రెండు మూడు జీబీల ఖాళీ, అంతే.

తెరిచి ఉన్న పని ఏదైనా ఉంటే సేవ్ యాజ్ నొక్కి పెన్ డ్రైవ్‌లోకో డీ డ్రైవ్‌లోకో సేవ్ చేసుకోండి. ఆ తర్వాత డెస్క్‌టాప్ మీది రీసైకిల్ బిన్ తెరవండి. డిలీట్ చేశాక చోటు ఖాళీ కాలేదేంటని చాలామంది అడుగుతుంటారు. డిలీట్ నొక్కిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, దాన్ని ఖాళీ చేసేదాకా అదే డిస్క్ మీద అంతే చోటు ఆక్రమిస్తుంది. అయితే ఖాళీ చేసేముందు సైజు వరుసలో పెట్టి ఒకసారి పైనుంచి కిందికి చూడండి. పొరపాటున అందులో పడ్డవి కనిపిస్తే రీస్టోర్ చేసుకోండి. మిగతాది ఖాళీ చేసి, కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్‌తో కొన్ని ప్రోగ్రాములు పట్టుకుని ఉన్న తాత్కాలిక ఫైళ్లు వదులుతాయి.

బిన్ ఖాళీగానే ఉంటే పెద్ద వీడియో ఒక్కటి చూసుకుని బయటి డిస్క్‌కి కాపీ చేసి, అక్కడ తెరుచుకుంటోందని చూసుకున్నాక ఇక్కడ తీసేయండి. ప్రస్తుతానికి అది చాలు.

అసలు ఎంత ఉంది, ఎక్కడ నిండింది

కొన్నది 1 టీబీ డిస్క్ అయితే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. 500 జీబీ కొంటే 465 అంటుంది. ఎవరూ మోసం చేయలేదు. డిస్క్ తయారీదారులు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. అందులోంచి రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేయడానికి డిస్క్‌లో విడిగా ఉంచిన భాగం) లాంటివి ఇంకొంత తీసుకుంటాయి. కాబట్టి పోయిన ఆ 69 జీబీ కోసం వెతకడం అనవసరం.

ఇంతకంటే ముఖ్యమైనది, ఏ డ్రైవ్ నిండిందన్నది. చాలా కంప్యూటర్లలో ఒకే డిస్క్‌ని సీ, డీ అని రెండు భాగాలు చేసి ఉంటారు. సీ గొంతుదాకా నిండి, డీ దాదాపు ఖాళీగా ఉండటం తరచూ కనిపిస్తుంది. మీ పరిస్థితి అదే అయితే తీసేయాల్సిన పని పెద్దగా ఉండదు, తరలిస్తే సరిపోతుంది. రెండూ నిండితేనే ఏది అవసరం, ఏది కాదు అనే ప్రశ్న వస్తుంది.

ఏది తింటోందో చూడటం

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి. లెక్క పూర్తయ్యేదాకా కాసేపు ఆగండి. ఇన్‌స్టాల్డ్ యాప్స్ ఇంత, టెంపరరీ ఫైల్స్ ఇంత, డాక్యుమెంట్స్ ఇంత అని గీతలు కనిపిస్తాయి. షో మోర్ క్యాటగిరీస్ నొక్కితే మిగతావి కూడా వస్తాయి. ఇక్కడ ఏదీ తీసేయకండి. పెద్దవాటి అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం తర్వాత చాలాసార్లు పనికొస్తుంది.

ఈ పేజీతో ఒక చిక్కుంది. అదర్ అనే పేరు కింద ఎన్నో జీబీలు చూపించి, అందులో ఏముందో సరిగ్గా చెప్పదు. అందుకే ప్రతి ఫోల్డరూ ఎంత బరువుందో కొలిచే చిన్న ప్రోగ్రామ్ ఒకటి కావాలి. విన్‌డర్‌స్టాట్, విజ్‌ట్రీ, ట్రీసైజ్ ఫ్రీ, ఈ మూడూ ఈ పనికి చాలాకాలంగా వాడుకలో ఉన్నవే. సొంతానికి వాడుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. వాటి అసలు సైట్ నుంచే దించుకోండి. సీ నిండి ఉంటే డీ డ్రైవ్‌లోకో పెన్ డ్రైవ్‌లోకో దించండి. నా ఓటు విజ్‌ట్రీకి. ఫైళ్లను ఒక్కొక్కటీ తెరిచి కొలవకుండా, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను డిస్క్ మీద సర్దే పద్ధతి) డిస్క్ తనలోని ఫైళ్లన్నింటికీ రాసుకునే పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి చాలా త్వరగా పూర్తిచేస్తుంది. ఏది వాడినా దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. లేకపోతే కొన్ని ఫోల్డర్లలోకి దానికి ప్రవేశం ఉండదు, లెక్క తప్పుతుంది.

స్కాన్ అయ్యాక రంగురంగుల గళ్లు వస్తాయి. పెద్ద గడి అంటే పెద్ద ఫైలు. గళ్ల కంటే పక్కనుండే ఫోల్డర్ల లిస్టు చదవడం సులువు. సైజు వరుసలో పెట్టి అన్నింటికంటే పైనున్న ఫోల్డరు తెరవండి, దాంట్లో మళ్లీ పైనున్నది తెరవండి. అలా లోపలికి వెళ్తే నాలుగైదు క్లిక్కుల్లో దొంగ దొరుకుతాడు. ప్రతిచోటా ఆగి ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది నేను పెట్టుకున్నదా, ఏదో ప్రోగ్రామ్ పెట్టుకున్నదా, లేక విండోస్‌దా? ఈ మూడింటికీ మూడు వేరు వేరు దారులున్నాయి. నేను పెట్టుకున్నదైతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నేనే చూసుకుంటాను. ప్రోగ్రామ్‌దైతే ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లోంచే తీయిస్తాను. విండోస్‌దైతే విండోస్ ఇచ్చిన పనిముట్లతో తప్ప ముట్టుకోను. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే నష్టం జరగదు.

కొత్త ప్రోగ్రామేదీ వేయడానికి వీలు లేకపోతే ఇంకో దారి ఉంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో సీ డ్రైవ్ తెరిచి, పైన సెర్చ్ పెట్టెలో ఇంగ్లిష్‌లో సైజ్ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, గిగాంటిక్ అని రాయండి. 4 జీబీ దాటిన ఫైళ్లు మాత్రమే వస్తాయి. గిగాంటిక్ బదులు హ్యూజ్ అంటే 1 జీబీ నుంచి 4 జీబీ మధ్యవి వస్తాయి.

మీరు పెట్టుకున్న ఫైళ్లు

అందరి కంప్యూటర్లలోనూ మొదట చూడాల్సింది డౌన్‌లోడ్స్ ఫోల్డరే. సైజు వరుసలో పెట్టండి. ఎప్పుడో వేసేసిన సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్లు, ఐఎస్‌ఓ ఫైళ్లు, విప్పేశాక కూడా మిగిలిపోయిన జిప్ ఫైళ్లు, బ్రాకెట్లో ఒకటి, రెండు అని అంకెలు పడ్డ నకళ్లు, ఇవన్నీ పైకి తేలుతాయి. ఇన్‌స్టాలర్ మళ్లీ ఎప్పుడైనా దించుకోవచ్చు కాబట్టి బెంగ లేదు. పీడీఎఫ్‌లు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు చాలా చిన్నవి, వాటిని తీసేసి మిగుల్చుకునేది ఏమీ ఉండదు. పెద్దవాటి మీదే సమయం పెట్టండి. వెయ్యి చిన్న ఫైళ్లు ఏరే బదులు పది పెద్ద ఫైళ్లు చూడటం మేలు.

తర్వాత వీడియోలు. ఫోన్ నుంచి కేబుల్‌తో ఫొటోలు దించుకునేవాళ్ల దగ్గర అవే ఫొటోలు రెండు మూడు ఫోల్డర్లలో ఉంటాయి. నకళ్లను వెతికిపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి కానీ వాటిని ఫొటోలు, వీడియోలున్న ఫోల్డర్ల మీద మాత్రమే నడపండి, మొత్తం సీ డ్రైవ్ మీద వద్దు. ఒకే ఫైలు రెండు ప్రోగ్రాముల ఫోల్డర్లలో ఉండటం మామూలే. నకలు కదా అని ఒకటి తీస్తే ఒక ప్రోగ్రామ్ తెరుచుకోదు.

ఫొటోలను, వీడియోలను జిప్ చేస్తే చోటు కలిసొస్తుందనుకుంటారు. రాదు. జేపీజీ, ఎంపీ4 ఫైళ్లు ముందే కుదించి ఉంటాయి, జిప్‌లో పెట్టినా దాదాపు అంతే సైజు. పైగా జిప్ చేస్తున్నంతసేపూ రెండింటికీ చోటు కావాలి.

మెసేజింగ్ యాప్‌ల డెస్క్‌టాప్ వెర్షన్లు కూడా చూడండి. గ్రూపుల్లో వచ్చిన వీడియోలన్నీ అవి తమలో దాచుకుంటాయి. టెలిగ్రామ్‌లో అయితే సెట్టింగ్స్‌లో స్టోరేజ్ వాడకం ఎంతో చూసి అక్కడే ఖాళీ చేయవచ్చు, గరిష్ఠంగా ఎంత వాడుకోవాలో హద్దు కూడా పెట్టవచ్చు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు ఎడిటర్ తయారుచేసుకునే క్యాష్ ఫైళ్లను చూడాలి. ప్రాజెక్టులు పూర్తయినా అవి పోవు, పదుల జీబీలకు చేరతాయి. వాటిని ఎడిటర్‌లోని ప్రిఫరెన్సెస్ నుంచి తీసేస్తే మీ అసలు వీడియోలకు ఏమీ కాదు.

వాడని ప్రోగ్రాముల కోసం సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి సైజు వరుసలో పెట్టండి. గేములుంటే పైన అవే ఉంటాయి. తీయాలనుకున్నది అక్కడి అన్‌ఇన్‌స్టాల్ బటన్‌తోనే తీయండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి ఫోల్డర్ డిలీట్ చేయడం, కట్ చేసి డీ డ్రైవ్‌లో పెట్టడం రెండూ తప్పే. ఆ ప్రోగ్రామ్ చిరునామా రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ అన్నీ రాసుకునే చిట్టాలో, పాతదే ఉంటుంది, దానికి దారి తెలియదు.

విండోస్ వాడుకుంటున్న చోటు

మళ్లీ స్టోరేజ్ పేజీకి వచ్చి టెంపరరీ ఫైల్స్ తెరవండి. ఇప్పుడు ఒక్కో వరుసా చదవండి. డౌన్‌లోడ్స్‌కి టిక్ లేదని మొట్టమొదట చూసుకోండి. మామూలుగా విండోస్ దానికి టిక్ పెట్టదు, మనమే తొందరలో పెట్టేస్తాం. విండోస్ అప్‌డేట్ క్లీనప్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్, థంబ్‌నెయిల్స్, టెంపరరీ ఫైల్స్, టెంపరరీ ఇంటర్నెట్ ఫైల్స్, వీటిని నిశ్చింతగా తీయవచ్చు. అప్‌డేట్ క్లీనప్‌కి చాలాసేపు పట్టవచ్చు, మధ్యలో ఆపకండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి వదిలేయండి.

అదే లిస్టులో ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అని కనిపిస్తే అది పెద్ద చేపే. విండోస్ పెద్ద అప్‌డేట్ తీసుకున్నప్పుడు పాత విండోస్ మొత్తాన్ని విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్లో దాచిపెడుతుంది. కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి ఆ ఏర్పాటు. మామూలుగా 10 రోజుల తర్వాత దానంతట అదే పోతుంది. అప్‌డేట్ తర్వాత ప్రింటర్, వైఫై, మీ సాఫ్ట్‌వేర్లు అన్నీ బాగానే పనిచేస్తుంటే ముందే తీసేయవచ్చు. ఏదైనా తేడాగా ఉంటే మాత్రం ఆగండి, తీసేశాక వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ఫోల్డర్లు కొలిచే ప్రోగ్రామ్‌లో సీ డ్రైవ్ మొదట్లోనే రెండు పెద్ద ఫైళ్లు కనిపిస్తాయి. ఒకటి పేజ్‌ఫైల్, రెండోది హైబర్‌ఫిల్. మొదటిది ర్యామ్‌కి తోడుగా విండోస్ వాడుకునేది, దాని జోలికి వెళ్లకండి. రెండోది హైబర్నేషన్ కోసం, అంటే తెరిచి ఉన్న పనిని డిస్క్ మీద దాచి కంప్యూటర్‌ని పూర్తిగా ఆపడం కోసం. సైజు సుమారుగా మీ ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, అంటే 16 జీబీ ర్యామ్ ఉంటే ఆరు జీబీల పైమాటే. డెస్క్‌టాప్ వాడేవాళ్లకు దీని అవసరం తక్కువ. తీసేయాలంటే స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ వెతికి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్ అనే మాటకి సి, ఎఫ్, జి కలిపి రాసి, ఖాళీ వదిలి స్లాష్ హెచ్, మళ్లీ ఖాళీ వదిలి ఆఫ్ అని రాసి ఎంటర్ కొట్టాలి. ఫైలు వెంటనే మాయమవుతుంది. దీంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఆన్ కావడానికి కాస్త ఎక్కువసేపు పట్టవచ్చు. ల్యాప్‌టాప్ మూత మూసి అలాగే బ్యాగులో పెట్టే అలవాటున్నవాళ్లు ఇది చేయకండి. బ్యాటరీ అయిపోతే తెరిచి ఉన్న పనిని కాపాడేది ఆ ఫైలే.

రీస్టోర్ పాయింట్లు, అంటే ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి విండోస్ దాచుకునే పాత సెట్టింగ్స్, కూడా చోటు తింటాయి కానీ ఫోల్డర్ల లిస్టులో సరిగ్గా కనిపించవు. అన్ని ఫోల్డర్ల మొత్తానికీ, డ్రైవ్ నిండిన అంకెకూ పొంతన కుదరకపోతే అనుమానించాల్సింది వీటినే. స్టార్ట్‌లో క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని వెతికి తెరిచి, సీ డ్రైవ్ ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కితే ఇప్పుడెంత వాడుతోందో, ఎంతవరకు వాడుకోవచ్చో కనిపిస్తుంది. పూర్తిగా ఆపేయవద్దు. స్లైడర్‌ను తగ్గించి ఐదారు శాతం దగ్గర ఉంచండి, పాతవి వాటంతట అవే పోతాయి.

విండోస్ ఫోల్డర్లోని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డరు చూసి చాలామంది భయపడతారు. అందులో ఉన్న ఫైళ్లలో చాలావరకు వేరేచోట కూడా కనిపిస్తాయి, ఒకే ఫైలుకు రెండు పేర్లు ఉన్నట్టన్నమాట. అందుకే ఎక్స్‌ప్లోరర్ చెప్పే సైజు అసలుకంటే ఎక్కువ. చేత్తో అందులో ఒక్క ఫైలు తీసినా అప్‌డేట్లు ఆగిపోవచ్చు, విండోస్ లేవకపోవచ్చు. పైన చెప్పిన అప్‌డేట్ క్లీనప్ దాన్ని సురక్షితంగా తగ్గిస్తుంది. సిస్టమ్ 32, విండోస్ ఇన్‌స్టాలర్ ఫోల్డర్ల విషయమూ అంతే, ముట్టుకోవద్దు.

రిజిస్ట్రీ క్లీనర్లు చోటు మిగల్చవు. డీఫ్రాగ్ ఫైళ్ల ముక్కల్ని సర్దుతుందే తప్ప ఖాళీ పెంచదు. ఒక్క క్లిక్కుతో 20 జీబీ అని చెప్పుకునే ఉచిత క్లీనర్లు చేసేది మీరు ఇప్పటిదాకా చేసిన పనే, కానీ మీకు చూపించకుండా చేస్తాయి. అక్క ల్యాప్‌టాప్ దగ్గర నేను చేసిన తప్పే అది.

ఖాళీ చేసినా మళ్లీ నిండుతుంటే

ఇది వేరే జబ్బు. ఆదివారం 20 జీబీ ఖాళీ చేస్తే గురువారానికి మళ్లీ ఎర్ర గీత కనిపిస్తోందంటే ఏదో ప్రోగ్రామ్ ఆపకుండా రాస్తోందని అర్థం. తుడిచిపెట్టడం కాదు, కుళాయి ఎక్కడుందో వెతకాలి.

రోజూ ఉదయం, రాత్రి సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో కాగితం మీద రాయండి. మూడు రోజులు చాలు. ఒక మిత్రుడికి ఇలాగే రోజుకు రెండు జీబీల దాకా తగ్గుతుండేది. అంకెలు చూస్తే ఆఫీసు పని వేళల్లో మాత్రమే తగ్గుతోంది, సెలవు రోజున తగ్గడం లేదు. అక్కడ తీగ దొరికింది. ఎప్పుడో వేసుకున్న స్క్రీన్ రికార్డర్ కంప్యూటర్‌తో పాటే మొదలై, ప్రతి మీటింగునూ రికార్డు చేసి వీడియోస్ ఫోల్డర్లో లోపలెక్కడో పెడుతోంది. స్టార్టప్ నుంచి తీసేశాక సమస్య మళ్లీ రాలేదు.

మీ దగ్గరా మొదటి రోజు ఫోల్డర్ల స్కాన్ చేసి పెద్ద ఫోల్డర్ల సైజులు రాసుకోండి, మూడో రోజు మళ్లీ స్కాన్ చేయండి. రెండింటినీ పోల్చితే పెరిగింది ఏదో తేలుతుంది. లేదా ఎక్స్‌ప్లోరర్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి, డేట్ మాడిఫైడ్ ఈ రోజుదిగా ఉన్న పెద్ద ఫైళ్లను వెతకండి. దాచిన ఫైళ్లు కూడా కనిపించేలా వ్యూలో షో, హిడెన్ ఐటమ్స్ పెట్టుకోండి.

సాధారణంగా దొరికేవి కొన్ని చెప్తాను. ఏదో ఒక సర్వీస్ తప్పుల మీద తప్పులు నమోదు చేస్తూ పెంచుకున్న లాగ్ ఫైలు. లాగ్‌ను తీసేసినంత మాత్రాన పని అవదు, నోట్‌ప్యాడ్‌లో చివరి పేజీ చదివితే ఏ తప్పు పదే పదే వస్తోందో తెలుస్తుంది, దాన్ని సరిచేయాలి. కంప్యూటర్ నీలం తెరతో ఆగిపోయిన ప్రతిసారీ విండోస్ ఫోల్డర్లో పడే మెమరీ డంప్. ఇది కొన్ని జీబీలు ఉండవచ్చు, తీసేయవచ్చు, కానీ నీలం తెర ఎందుకొస్తోందో కనుక్కోవడానికి అదే ఆధారం కాబట్టి ముందు ఆ సంగతి చూసుకోండి. ఐఫోన్‌ను కంప్యూటర్‌కి కలిపి బ్యాకప్ తీసేవాళ్లకు ఒక్కో బ్యాకప్ పదుల జీబీల్లో ఉంటుంది, పాత ఫోన్లవి కూడా అలాగే ఉండిపోతాయి.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్, డాకర్‌ల సంగతి చూడాలి. అవి లైనక్స్ మొత్తాన్ని ఒకే పెద్ద వర్చువల్ డిస్క్ ఫైలులో పెడతాయి. లోపల ఎంత డిలీట్ చేసినా బయటి ఫైలు మామూలుగా తగ్గదు, పెరగడమే తెలుసు దానికి. ముందు లోపల వాడని ఇమేజ్‌లు, కంటెయినర్లు తీసేసి, ఆ తర్వాత వర్చువల్ డిస్క్‌ను ప్రత్యేకంగా కుదించాలి. లోపలి డేటాకు నకలు తీయకుండా మాత్రం మొదలుపెట్టవద్దు.

డీ డ్రైవ్‌కి, బయటి డిస్క్‌కి తరలించడం

డీ ఖాళీగా ఉంటే డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, వీడియోస్ ఫోల్డర్ల చిరునామానే మార్చేయవచ్చు. ముందుగా డీ డ్రైవ్‌లో మీ పేరుతో ఒక ఫోల్డరు, దాంట్లో డౌన్‌లోడ్స్ అని ఇంకో ఫోల్డరు చేయండి. ఇప్పుడు అసలు డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్ నొక్కి కొత్త ఫోల్డర్ చూపించండి. ఫైళ్లను కూడా తరలించమంటారా అని అడిగితే అవునని చెప్పండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఫోల్డర్ చేయకుండా ఉత్త డీ డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారిపోతుంది, దాన్ని వెనక్కి తిప్పడం నరకం.

వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు డాక్యుమెంట్స్, పిక్చర్స్ అప్పటికే దాని చేతిలో ఉండవచ్చు. అప్పుడు ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ నొక్కండి. ఫైలు క్లౌడ్‌లో ఉంటుంది, ఇక్కడ పేరు మాత్రమే మిగులుతుంది, తెరిచినప్పుడు దిగుతుంది. డిలీట్ నొక్కితే మాత్రం క్లౌడ్‌లోనూ, మీ మిగతా కంప్యూటర్లలోనూ పోతుంది. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియక నష్టపోయినవాళ్లు ఎందరో. ఫైలు నిజంగా ఇక్కడ చోటు తింటోందా లేదా తెలుసుకోవాలంటే ప్రాపర్టీస్‌లో సైజ్ ఆన్ డిస్క్ అనే వరుస చూడండి. సున్నా ఉంటే అది క్లౌడ్‌లోనే ఉంది.

బయటి డిస్క్‌కి పంపేటప్పుడు కట్, పేస్ట్ వద్దు. మధ్యలో కేబుల్ కదిలితే ఎక్కడిది ఎక్కడ ఆగిందో తెలియదు. కాపీ చేయండి. అయ్యాక రెండుచోట్లా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు ఒకటేనా చూడండి. కొత్తచోట నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, వీడియోలైతే చివరి నిమిషం దాకా జరిపి చూడండి. డిస్క్‌ను ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టి ఇంకోసారి తెరవండి. అప్పుడు ఇక్కడివి తీసేయండి. 4 జీబీ దాటిన ఫైలు కాపీ కాకపోతే ఆ డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఉందన్నమాట. అందులో ఉన్నవి వేరేచోట పెట్టి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోవాలి.

ఫొటోలు బయటి డిస్క్‌లోకి పంపి ఇక్కడ తీసేశాక ఆ డిస్క్‌లోదే ఏకైక కాపీ. అది కింద పడితే అన్నీ పోతాయి. మళ్లీ సంపాదించలేని వాటికి ఇంకో డిస్క్‌లోనో క్లౌడ్‌లోనో రెండో కాపీ ఉన్నాకే ఇక్కడివి తీయండి.

సీ డ్రైవ్‌నే పెద్దది చేయాలంటే

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తో చేయవచ్చు, కానీ అది సీ పక్కనే కుడివైపు ఖాళీ చోటుంటేనే ఎక్స్‌టెండ్ చేయనిస్తుంది. డీని కుదిస్తే వచ్చే ఖాళీ డీకి కుడివైపు వస్తుంది, సీకి అందదు. కాబట్టి డీలో ఉన్నదంతా బయటికి తీసి, డీని తొలగించి, సీని పెంచి, మిగిలినదాంతో మళ్లీ డీ చేసుకోవాలి. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డముంటే అదీ కుదరదు. వేరే పార్టిషన్ సాఫ్ట్‌వేర్లు ఆ అడ్డాన్ని జరపగలవు, అయితే కరెంటు పోతే మొత్తం పోయే పని ఇది. పూర్తి బ్యాకప్, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ, చార్జర్, ఈ మూడూ సిద్ధంగా లేకుండా దిగవద్దు. నన్నడిగితే, ఫోల్డర్ల చిరునామా మార్చుకోవడంతో చాలామందికి ఈ అవసరమే రాదు.

128 జీబీ ఎస్‌ఎస్‌డీతో ప్రతి నెలా ఇదే పోరాటం చేస్తుంటే పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడమే దారి. పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి క్లోన్ చేయవచ్చు, విండోస్ మళ్లీ వేయనక్కర్లేదు. కొనేముందు మీ మెషీన్‌లో ఉన్నది సాటా రకమా, ఎన్‌వీఎంఈ రకమా (ఎస్‌ఎస్‌డీని కంప్యూటర్‌కి కలిపే రెండు పద్ధతులు) చూసుకోండి, కొన్ని ల్యాప్‌టాపుల్లో మార్చడానికి వీల్లేకుండా బోర్డుకే అతికించి ఉంటుంది.

డిస్క్‌కే జబ్బు చేస్తే

నిండిపోవడంతో పాటు ఫైళ్లు తెరవడానికి నిమిషాలు పడుతుంటే, కాపీ మధ్యలో ఎర్రర్లు వస్తుంటే, హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే పై పనులన్నీ ఆపేయండి. ఇది చోటు సమస్య కాదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ తన గురించి తాను నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలు చదివి గుడ్, కాషన్, బ్యాడ్ అని చెబుతుంది. గుడ్ తప్ప ఏది వచ్చినా ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి కాపీ చేసుకోండి. డీఫ్రాగ్ వద్దు, గంటల తరబడి నడిచే స్కాన్లు వద్దు. బలహీనమైన డిస్క్‌కి మిగిలిన శక్తి మీ ఫైళ్లు బయటపడటానికే ఖర్చు కావాలి.

డిస్క్ బాగానే ఉండి, ఖాళీ లెక్క మాత్రమే తేడాగా ఉంటే సీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్‌లోని చెక్ నొక్కండి. ఫైళ్ల పట్టికలో పొరపాట్లు ఉంటే చూసి సరిదిద్దుతుంది.

చివరిగా స్టోరేజ్ సెన్స్ సర్దుకోండి

సీ డ్రైవ్‌లో 15 నుంచి 20 శాతం ఖాళీ వచ్చిందంటే ఈ పని పూర్తయినట్టే. ఎస్‌ఎస్‌డీకి ఆ ఖాళీ అవసరం కూడా. నిండుగా ఉంటే కొత్తది రాయడానికి లోపలి డేటాను పదే పదే అటూ ఇటూ జరుపుకోవాల్సి వస్తుంది, వేగం తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది.

స్టోరేజ్ పేజీలోనే స్టోరేజ్ సెన్స్ ఆన్ చేయండి. అనవసరమైన ఫైళ్లను విండోస్ తనంతట తానే తీసే ఏర్పాటు ఇది. ఎంతకోసారి నడవాలి అన్నచోట నెలకోసారి పెట్టండి. రీసైకిల్ బిన్‌కి 30 రోజులు లేదా 60 రోజులు ఎంచుకోండి. దాని కిందే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను ఎన్ని రోజులకు తీసేయాలి అని ఇంకో గడి ఉంటుంది. అక్కడ నెవర్ అని ఉందో లేదో మీ కళ్లతో చూసి, లేకపోతే మార్చి, అప్పుడు ఆ కిటికీ మూయండి.